పోగు ముట్టని నవమి

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇందులో నేను అరవకూడని రోజున అరవకూడని మనిషి మీద అరిచాను. ఆ మనిషి పేరు దశరథం. గద్వాలలో మగ్గాల వీధి చివర ఉన్న మా హైస్కూల్లో పొద్దున్నే గేటు తీసేదీ, గంట కొట్టేదీ, నూట ఎనభై ప్లాస్టిక్ సీసాల్లో టమాటా, మెంతి, గోంగూర పెంచేదీ ఆయనే. నేను అదే బడిలో సైన్సు చెబుతాను. పేరు రోహిణి. సొంతూరు గోపాల్‌పేట, గద్వాలలో అద్దెకుంటాను.

దశరథానికి యాభై ఎనిమిదేళ్లు. అందులో నలభై ఏళ్లకు పైగా గుంట మగ్గంలోనే గడిచాయి. తొమ్మిదో ఏట తండ్రి పక్కన కూర్చుని అంచు పోగు అందించడం మొదలుపెట్టాడు. గద్వాల చీరకు ఒంటినిండా నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగును పోగుతో పెనవేయాలి కనుక మగ్గం దగ్గర ఇద్దరు కావాలి. గుంటలో కాళ్లు పెట్టి నేల మట్టాన కూర్చున్నవాడికి వాకిట్లోంచి కనిపించేవి దారిన పోయేవాళ్ల పాదాలే. అందుకని ఆయనకు ఊళ్లో వాళ్ల ముఖాల కన్నా పాదాలే బాగా గుర్తు. ప్రార్థనకు ఆలస్యంగా వచ్చి గోడ పక్క నుంచి జారుకునే పిల్లల్ని ఇప్పటికీ తల ఎత్తకుండా పేరు పెట్టి పిలుస్తాడు. మొదటిసారి అది చూసినప్పుడు నేను నోరెళ్లబెట్టాను.

కొన్నేళ్ల కిందట షుగరు ఆయన కళ్ల మీద పడింది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోమని దవాఖానలో చెప్పారు. మనిషీ చెట్టూ తెలుస్తాయి గానీ పట్టు పోగు కనపడదు. పట్టు పోగు కనపడనివాడికి గద్వాల మగ్గం మీద పనేముంటుంది? భార్య జమ్ములమ్మ ఇంట్లో కూర్చుని ఇతరుల మగ్గాలకు నూలు కండెలు చుడుతుంటే, ఆయన వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. రెండేళ్లు అలాగే కూర్చున్నాడు. నేను ఆయన్ని మొదట చూసింది ఆ గోడ దగ్గరే.

నేను ఆ వీధికి వెళ్లింది చిక్కుపడి పారేసే నూలు అడగడానికి. మా బడి బోరు మోటారు కాలిపోయి చాలా కాలమైంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు అరగంట వస్తాయి, అవి మధ్యాహ్నం వంటకే బొటాబొటి. అలాంటి బడిలో తోట పెట్టాలన్న పిచ్చి నాకు ఎందుకు పట్టిందంటే, పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పారేసే వస్తువులతో, తక్కువ నీళ్లతో తోట పెంచే బడులకు సోలార్ పలకలు, సోలార్ మోటారు ఇస్తారట. తోట చూసుకోవడానికి ఒక మనిషిని కూడా ఇస్తారట. షరతు ఒక్కటే. దసరా సెలవుల్లో ఎవరి చెయ్యీ తగలకుండా ఆ తోట పది రోజులు బతకాలి. మొదటి జాబితాలో మా బడి, ఖిల్లా ఘణపూర్ వైపు ఒక బడి, మన్ననూర్ దగ్గర ఒక బడి ఉన్నాయి. కాగితం చదివినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు.

నా ఉపాయం సులువే. సీసాను నడిమికి కోసి, పై సగాన్ని తలకిందులుగా కింది సగంలో కూర్చోబెట్టాలి. పైన మట్టి, మొక్క. కింద నీళ్లు. మూతకు చిల్లు పెట్టి అందులోంచి నూలు వత్తి వేలాడదీస్తే, దీపం వత్తి నూనె పీల్చినట్టు అది నీళ్లు పీల్చి మొక్క వేళ్లకు అందిస్తుంది. సీసాలు ఫంక్షన్ హాళ్ల వెనక కుప్పల్లోంచి పిల్లలు ఏరుకొచ్చారు. ఎరువు మధ్యాహ్న భోజనం కూరగాయల తొక్కల నుంచి తయారవుతోంది. ఇక నూలొక్కటే తక్కువ.

వత్తికి ఎన్ని పోగులు కావాలని గోడకు ఆనుకున్న మనిషి అడిగాడు. కొన్ని, అన్నాను. ఆయన నవ్వాడు. లెక్క లేకుండా పోగు ఉండదట, టీచరు అయి ఉండి కొన్ని అంటే ఎలా అన్నాడు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మర్నాడు పొద్దున నేను బడికి వెళ్లేసరికి చంకలో నూలు మూటతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వారం తిరిగేలోపు నాలుగిళ్ల నుంచి పాత మగ్గాల కర్రలు మోయించుకొచ్చి, సీసాలకు వరసగా అరలు కట్టించేశాడు.

మా హెడ్మాస్టర్ సామ్యూల్ సార్ మంచివారే గానీ మాట కడుపులో దాచుకునే మనిషి కాదు. దశరథాన్ని తాత్కాలికంగా పెట్టుకున్న రోజే చెప్పేశారు.

"తోట నిలబడితే నువ్వు నిలబడ్తవు దశరథం. లేకుంటే నా చేతిల ఏమీ లేదు."

దశరథం తలూపి గంట కొట్టడానికి వెళ్లిపోయాడు. అది ఆయనకు ఎంత పెద్ద మాటో నాకు జమ్ములమ్మ చెప్పాక గానీ తెలియలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న రెండేళ్లలో ఆయన ఇంట్లో పది మాటలైనా మాట్లాడలేదట. ఇప్పుడు అన్నం ముందు కూర్చుని మెంతి మొలకల కబుర్లు చెబుతుంటే ఆమెకు వినీ వినీ విసుగొస్తోందట. విసుగొస్తోందని చెబుతూ కళ్లు తుడుచుకుంది.

దసరా దాకా ఆ మూడు నెలలు బడి మొత్తానికి తోట పూనకం పట్టింది. విరామం గంట కొడితే పిల్లలు గేటు వైపు పోవడం మానేసి అరల వైపు పరుగెత్తేవాళ్లు. ఎవరి సీసాకు వాళ్లు పేరు పెట్టుకున్నారు. మొదటి టమాటా ఎర్రబడిన రోజు పదో తరగతి ఉష దాన్ని అరచేతిలో పెట్టుకుని ప్రతి క్లాసుకూ తిప్పి చూపించింది. లెక్కల క్లాసు పోయింది, ఎవరూ ఏమీ అనలేదు. అప్పటిదాకా నీళ్లు చేత్తోనే పోసేవాళ్లం. సెలవుల ముందు రోజు వత్తులు పెట్టాలని అనుకున్నాం.

ఆ రోజు దశరథం తెచ్చిన వత్తులు చూసి నేను మురిసిపోయాను. వారం రోజులు ఇంట్లో కూర్చుని నూట ఎనభై వత్తులు పేనాడు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. నున్నగా, గట్టిగా, ఒక్క పీచు లేవకుండా ఉన్నాయి. ల్యాబులో నేను దీపం వత్తితో పరీక్ష చేసి చూసుకున్నాను, అది గంటలో నీళ్లు పైకి లాగింది. ఇక ఇవెందుకు లాగవు అనుకున్నాను. అన్ని సీసాల్లో వత్తులు వేసి, కింద నీళ్లు నింపి, నీటి మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో ఎర్ర గీత పెట్టి పక్కన తేదీ వేశాం. పైనుంచి చుక్క కూడా పోయొద్దని, కాపలా మాత్రం ఉండమని దశరథానికి రెండుసార్లు చెప్పి బడికి తాళం వేశాం.

తొమ్మిదో రోజు నవమి. బ్యాగు సర్దుకుని గోపాల్‌పేట బస్సు కోసం గది తలుపు తీస్తే ఎదురుగా దశరథం. స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, తెల్ల పంచె కట్టుకున్నాడు. ముఖంలో మాత్రం పండగ లేదు.

"వత్తులు నీళ్లు తాగుతలేవు మేడం" అన్నాడు.

బ్యాగు అక్కడే పడేసి బడికి పరుగెత్తాను. మొక్కలన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. మెంతి పసుపెక్కింది. కింద నీళ్లు చూద్దును గదా, గీత కంటే కిందికి దిగకపోగా రెండు వేళ్లు పైకెక్కి ఉన్నాయి. అదెలాగని అడిగితే ఆయన దాచకుండా చెప్పాడు. మూడో రోజే మొక్కలు వాడాయట. చూడలేక నల్లా నీళ్లు పట్టుకొచ్చి నాలుగు రోజులు పైనుంచి పోశాడు. పోస్తే తల ఎత్తేవి, మిగిలిన నీళ్లు కిందికి కారిపోయేవి. తర్వాత రెండు రోజుల నుంచి మానేశాడు.

"ఎందుకు మానేశావ్?"

"గట్ల బతికిస్తే అబద్ధం అయితది గద మేడం. సార్లొచ్చి అడిగితే ఏం చెప్పాలె?"

ఒక వత్తి లాగి చూశాను. వేళ్ల మధ్య జారిపోయింది. నీళ్లలో తొమ్మిది రోజులు మునిగినా లోపలి పోగు పొడిగా ఉంది. దీనికి ఏం రాశావని అడిగాను. గంజి పెట్టానన్నాడు, గంజిలో గరిటెడు పల్లినూనె కలిపానన్నాడు. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా వినిపించింది. పడుగు నూలుకు అలాగే పెడతారు, లేకపోతే మగ్గం మీద పోగు తెగిపోతుంది.

అంతే, నేను అరిచాను. నూనె రాస్తే నీళ్లు ఎక్కుతాయా అని, నలభై ఏళ్లు నూలు పట్టినవాడికి ఆ మాత్రం తెలియదా అని, నన్నొక్క మాట అడిగి ఉంటే తోట బతికేదని అరిచాను. గోడ అవతల ఎవరో ఆగి తొంగి చూసేంతగా అరిచాను. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. నా అరుపు అయిపోయాక మెల్లగా చెప్పాడు.

"పోగు చేతికొస్తే గంజి పెట్టకుంట ఉండబుద్ధి కాలేదు మేడం. గంజి లేని పోగును పనికి పంపుడు అంటే, పిల్లగాన్ని అంగీ లేకుంట బడికి పంపినట్టు కొట్టింది."

నేను గొంతు తగ్గించి లెక్క వేసుకున్నాను. బడి తెరిచేది మూడు రోజుల తర్వాత, అధికారులు వచ్చేదీ ఆ రోజే. మొక్కలు తల ఎత్తాలంటే వత్తులు ఈ రోజే మారాలి. వేడినీళ్లలో సోడా వేసి ఉడకబెడితే గంజీ నూనే పోతాయి. కానీ ఉడికిన వత్తి వీడిపోతుంది కనుక ఒక్కోదాన్నీ మళ్లీ పేనాలి. ఎంతసేపు పడుతుందని అడిగితే దశరథం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ వీధిలో నవమి నాడు మగ్గానికి పూజ. నాడెకు, ఆసుకు, కండెలకు, పనిముట్లన్నిటికీ బొట్లు పెడతారు. బొట్టు పెట్టాక మగ్గపు ఇంట్లో పుట్టినవాళ్లెవరూ పోగు ముట్టరు. మర్నాడు దశమి నాడు జమ్మి చెట్టు దగ్గర పూజ అయి ఇంటికొచ్చాకే మళ్లీ ముట్టడం. ఆ పొద్దున ఆయన జమ్ములమ్మ కండెలు చుట్టే రాట్నానికి బొట్టు పెట్టే వచ్చాడు.

నా కోపం మళ్లీ నెత్తికెక్కింది. ఇవాళ వత్తులు మారకపోతే తోట పోతుందని, తోట పోతే తనను ఉంచుకునే దారి లేదని గుర్తుందా అని అడిగాను. ఉందన్నాడు. అయినా ముట్టవా అన్నాను.

"నలభై ఏండ్లు అది నాకు అన్నం పెట్టింది మేడం. ఏడాదిల ఒక్క దినం దానికి సెలవు. నా కొలువు పోతదని దాని సెలవు గుంజుకోవాల్నా?"

ఆ మనిషికి ఎదురుగా ఉన్నది మళ్లీ ఆ గోడే. అది తెలిసీ చేతులు వెనకే ఉంచుకున్నాడు. అప్పుడు నాకు తట్టింది.

"కాకా, నువ్వు ముట్టొద్దు. నేను ముట్టొచ్చా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నేను మగ్గపు ఇంటి మనిషిని కాదు గనక తప్పేమీ లేదన్నాడు. ముట్టడమే నిషిద్ధం, చెప్పడం కాదన్నాడు. ఆ మాట చాలు నాకు. సామ్యూల్ సార్‌కు ఫోన్ చేశాను. పది నిమిషాల్లో లుంగీ మీదే స్కూటర్ వేసుకుని వచ్చేశారు. ఉషకు ఫోన్ చేశాను. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు, ఆ ఆటోలోనే మరో ఆరుగురు పిల్లల్ని పోగేసుకొచ్చింది. అందరూ మగ్గం లేని ఇళ్ల పిల్లలు. ఇంటికి ఫోన్ చేసి బస్సు తప్పిపోయిందని మా అమ్మకు చెప్పాను. అది కొంత నిజమే.

వంట షెడ్డులో పొయ్యి అంటించి పెద్ద గుండిగలో నీళ్లు, బట్టల సోడా వేసి వత్తులు ఉడకబెట్టాం. నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది. రెండుసార్లు నీళ్లు మార్చి, పిండి, ఎండలో ఆరేశాక పేనడం మొదలైంది. దశరథం మధ్యలో స్టూలు వేసుకుని చేతులు వెనక కట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిది పోగులు లెక్కపెట్టి పట్టుకోవాలి, ఒక కొన కాలి వేళ్ల మధ్య బిగించాలి, రెండు అరచేతుల మధ్య ఒకే దిక్కుకు పేనాలి. వినడానికి ఇంతే. నేను పేనిన మొదటి వత్తి చెయ్యి వదలగానే వీడిపోయి తొమ్మిది పోగులైంది. సామ్యూల్ సార్ తమది ఎంతో జాగ్రత్తగా చేసి ఆయన కళ్ల ముందు ఊపారు.

"సార్, గిది వత్తి గాదు. బర్రెను కట్టేసే మోకు."

సార్ అంత గట్టిగా నవ్వడం నేను ఆ బడిలో అంతకు ముందెప్పుడూ వినలేదు. ఆ నవ్వుకు వీధి మొత్తం కదిలింది. మగ్గాల ఇళ్ల పిల్లలు కొత్త బట్టల్లో ఒక్కొక్కరే వచ్చారు. వాళ్లకూ ముట్టే దారి లేదు కనుక చేతులు వెనక పెట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ల వెనక వాళ్ల తల్లులు, అమ్మమ్మలు. పని చేసేది తొమ్మిది మందిమి, సలహాలిచ్చేది నలభై మంది. ఒకావిడ నా చేతుల్ని చూసి తట్టుకోలేక రెండుసార్లు ముందుకు వచ్చి, రెండుసార్లు తన చెయ్యి తనే పట్టుకుని వెనక్కి లాక్కుంది. జమ్ములమ్మ అందరికీ పులిహోర పంచుతూ ఎవరి పోగు వదులైందో చెప్పుకుంటూ తిరిగింది.

దశరథానికి మా వత్తులు కనపడవు. చప్పుడు వింటాడు. అరచేతుల మధ్య నూలు రాసుకునే చప్పుడులో తేడా వస్తే ఎవరిదో చెప్పేస్తాడు. ఉష బాగా చేస్తోందని, సార్ తొందరపడుతున్నారని, మేడం కోపంగా పేనుతోందని చెప్పాడు. నిజమే, అప్పుడు నేను నా మీద నేనే మండిపడుతున్నాను. దీపం వత్తితో పరీక్ష చేసి, ఆయన వత్తిని ఒక్కదాన్నైనా నీళ్లలో ముంచి చూడకుండా అరలు నింపిన సైన్సు టీచరు ఎవరు? చివరికి ఆపుకోలేక చెప్పేశాను.

"కాకా, తప్పు నాది కూడా. పరీక్ష చేయకుండా పెట్టాను. ఊరికే నీ మీద అరిచాను."

"చప్పుడు జారింది మేడం" అన్నాడాయన. "మళ్ల పేనుండ్రి."

మధ్యాహ్నానికి అరవై అయ్యాయి. తర్వాత చేతులు దారిలో పడ్డాయి. అయిదింటికి నూట ఎనభయ్యో వత్తి ఉష చేతిలో పూర్తయింది. నా అరచేతులు ఎర్రగా కంది మండుతున్నాయి. అన్నిటినీ మూతల్లోంచి దూర్చి, మట్టిని ఒక్కసారి తడిపి, నీళ్లు నిలిచాక వాటి మట్టం దగ్గర ఈసారి నీలం గీత పెట్టాం. ఇక ఎవరిళ్లకు వాళ్లు పోవచ్చు. ఒక్కరూ పోలేదు. పండగ బట్టల్లో జనం సీసాల ముందు గొంతుక్కూర్చుని నీళ్లను చూస్తున్నారు. పొద్దు గుంకేవేళ ఉష పిలిచింది. నీలం గీత కింద గోరంత ఖాళీ కనపడుతోంది. పక్క సీసాలో కూడా. ఆ పక్కదాంట్లో కూడా. నాకు చిన్నపిల్లలా గెంతాలనిపించింది, గెంతాను కూడా. దశరథం వంగి చూసి తనకు కనపడటం లేదన్నాడు. ఆయన చూపుడు వేలు పట్టుకుని నీలం గీత మీద పెట్టి, అక్కడి నుంచి నీటి మట్టం దాకా కిందికి జరిపాను. ఆ గోరంత దూరాన్ని ఆయన మూడుసార్లు తడిమి చూసుకున్నాడు.

బడి తెరిచిన రోజుకు మొక్కలన్నీ తలెత్తాయి. గంజి మాట అధికారుల ముందు ఎత్తవద్దని దశరథానికి ముందే చెప్పి ఉంచాను. అడక్కుండా చెప్పడం దేనికి, తోట పచ్చగా ఉంది, చాలు. వచ్చినాయన పేరు నరేందర్, కుర్ర ఇంజనీరు. అరలు మెచ్చుకున్నాడు, ఎరువు గుంట మెచ్చుకున్నాడు. ఒక సీసా చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. కింద సెలవుల ముందు రోజు తేదీతో ఎర్ర గీత ఉంది, దాని పైన నీలం గీత ఉంది. హడావుడిలో పాత గీత తుడపడం మరిచిపోయాం. సెలవుల మొదట్లో ఉన్నదాని కంటే తర్వాత నీళ్లు పెరిగాయంటే ఎవరో పైనుంచి పోసినట్టే కదా అని ఆయన అడిగాడు. సామ్యూల్ సార్ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే దశరథం ముందుకొచ్చాడు.

"పోసింది నేనే సార్. నాలుగు దినాలు పోసిన."

ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. గంజి దగ్గర మొదలుపెట్టి, నూనె, నవమి, సార్ పేనిన మోకుతో సహా అంతా చెప్పాడు. నా అరుపొక్కటి మాత్రం చెప్పలేదు. నరేందర్ రెండు గీతల్నీ మళ్లీ చూసుకున్నాడు. గంజి వత్తి తొమ్మిది రోజుల్లో చుక్క పీల్చలేదు, ఉడికిన వత్తి మూడు రోజుల్లో రెండు వేళ్ల నీళ్లు తాగింది. అన్నీ అవే సీసాలు, అదే మట్టి, అదే ఎండ. ఇంతకన్నా రుజువేం కావాలని నేను అందుకున్నాను, కొంచెం గట్టిగానే. ఆయన నవ్వి, షరతు షరతే అన్నాడు. సీసాలన్నీ నింపించి, పది సీసాల మీద గీత పక్కన సంతకం పెట్టాడు. పది రోజుల తర్వాత వస్తానని, ఈసారి ఎవరి చెయ్యీ తగలకూడదని చెప్పి వెళ్లాడు.

ఆ పది రోజులు నేను గోళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. దశరథం మాత్రం నిమ్మళంగా గంట కొట్టుకున్నాడు. పదకొండో రోజు నరేందర్ వచ్చేసరికి సంతకాల కింద నీళ్లు అడుగుకు చేరాయి, పైన గోంగూర సీసా దాటి కిందికి వంగి ఉంది. ఆయన మట్టిలో వేలు పెట్టి చూసుకుని, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. నెల తిరిగాక బడి కప్పు మీదికి సోలార్ పలకలు ఎక్కాయి. మోటారు బిగించిన రోజు మీట వేయమని సార్ దశరథాన్నే పిలిచారు. బోరులోంచి మొదటి నీళ్లు ఎగజిమ్మితే పిల్లలంతా వాటి కిందికి పరుగెత్తి తడిసిపోయారు, నేనూ తడిశాను. తడిసిన చేతుల్తోనే సార్ ఆయనకు కొలువు ఉత్తర్వు ఇచ్చారు. అది పట్టుకుని ఆయన మొదట చేసిన పని, మన్ననూర్ బడికి వంద వత్తులు పేని బస్సులో పంపడం. గంజి పెట్టకుండా పేనాడు. ఒక్కోదాన్నీ నీళ్లలో ముంచి పరీక్ష చేశాకే మూట కట్టాడు.

మొన్న మళ్లీ నవమి వచ్చింది. ఈసారి నేను గోపాల్‌పేట బస్సు ఊసే ఎత్తలేదు. పొద్దున్నే బడికి వెళ్తే దశరథం పళ్లెంలో పసుపు కుంకుమలు పెట్టుకుని తిరుగుతున్నాడు. మోటారుకు బొట్టు పెట్టాడు. నిచ్చెనెక్కడం తన వల్ల కాదు గనక ఉషను కప్పు మీదికి పంపి పలకలకు పెట్టించాడు. ఆమె ఇప్పుడు ఇంటర్, అయినా వచ్చింది. సీసాల అరలకు పెట్టాడు. అవి ఒకప్పటి మగ్గాల కర్రలే.

చివరి వరసలో ఒక టమాటా సీసాకు వత్తి జారి కింద పడి ఉంది. చూసి ఊరుకోవడం నాకు చేతకాదు. వంగి తీయబోయాను. దశరథం నా అడుగుల చప్పుడు విన్నాడేమో, పళ్లెం పట్టుకుని గబగబా వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. చేతులు చాపమన్నాడు. చాపాను. తడుముకుంటూ నా రెండు అరచేతుల్లో చెరో బొట్టు పెట్టాడు.

"ఇయ్యాల నువ్వు పోగు ముట్టొద్దు బిడ్డా" అన్నాడు. "తప్పు."

కళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా కుంకుమ. జారిన ఆ వత్తిని సామ్యూల్ సార్ వచ్చి తీసి పెట్టారు. ఆయన వంకరగా పెడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అయినా చేతులు వెనక్కి పెట్టుకుని, దశరథం పక్కన నిలబడి, ఎలా పెట్టాలో నోటితోనే చెప్పాను.